జీరో బిల్లు ఇంటికి తక్కువ కరెంటు ఫ్యాను ఎందుకు?

ప్రశ్న: మాది ఇబ్రహీంపట్నం. రేషన్ కార్డు ఉంది కాబట్టి గృహజ్యోతి కింద మాకు జీరో బిల్లు వస్తోంది. హాల్లో ఫ్యాను కాలిపోయింది. కొత్తది కొందామని వెళ్తే షాపు వాళ్ళు బీఎల్‌డీసీ ఫ్యాను తీసుకోమంటున్నారు. మామూలు ఫ్యాను కన్నా వెయ్యి, పన్నెండు వందలు ఎక్కువ. "కరెంటే ఫ్రీ అయినప్పుడు పొదుపు ఫ్యానుకు అంత డబ్బు పోయడం దేనికి?" అంటున్నారు మా ఆయన. ఆయన మాటా నిజమే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, ఇబ్రహీంపట్నం

జవాబు: మీ వారి లెక్క చలికాలానికి సరిపోతుంది, ఎండాకాలానికి సరిపోదు. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా మీరు పైసా కట్టక్కర్లేదు. కానీ ఆ గీత దాటిన నెలలో దాటిన యూనిట్లకు మాత్రమే కడితే చాలదు, మొత్తం బిల్లూ మీ మీద పడుతుంది. 2022లో విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన ధరల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ తర్వాతి వందకు 7 రూపాయల 70 పైసలు. అంటే 200 దగ్గర సున్నా వచ్చే బిల్లు 201 దగ్గర వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలన్నమాట. కాబట్టి మీ ఇంట్లో కరెంటు విలువ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. చాలా నెలల్లో ఏమీ లేనట్టే కనిపించి, ఏప్రిల్, మే వచ్చేసరికి ఒక్కసారిగా భారమవుతుంది.

ఏసీ లేని ఇల్లు 200 ఎలా దాటుతుందని అడగవచ్చు. మామూలు సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. మూడు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 101 యూనిట్లు. 180 వాట్ల కూలరు రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 43. ఒక హార్స్‌పవర్ బోరు మోటారు రోజూ గంట వేస్తే 22. ఫ్రిజ్‌కు పాతిక, టీవీకి పదిహేను, లైట్లకు పది వేసుకోండి. మొత్తం 216 అయింది. ఏ ఆడంబరమూ లేని ఇల్లు మే నెలలో గీత దాటేసింది, పదకొండు వందలకు పైగా బిల్లు వచ్చింది. ఇదే ఇంట్లో మూడు ఫ్యాన్లూ 30 వాట్ల బీఎల్‌డీసీవి అయితే వాటి వాడకం 40 యూనిట్లకు పడిపోతుంది, ఇల్లు 155 దగ్గర ఆగుతుంది. గాలిలో తేడా ఏమీ ఉండదు. మామూలు ఫ్యాను మోటారులో కొంత కరెంటు వేడిగా మారి వృథా అవుతుంది. బీఎల్‌డీసీ మోటారులో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి ఆ నష్టం తగ్గుతుంది, అంతే తేడా.

అయితే మూడూ ఒకేసారి మార్చమని చెప్పను. ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాను పాడైనప్పుడు దాని స్థానంలో ఇది పెట్టండి. మీ హాల్లో ఫ్యాను అలాంటిదే కాబట్టి ఇప్పుడు బీఎల్‌డీసీ కొనడం సబబు. బాత్రూం ముందు వరండాలోనో, అప్పుడప్పుడు వాడే గదిలోనో అయితే మామూలుది చాలు. ఈ ఫ్యాన్లకు ఒక లోపం ఉంది. కాలిన కాయిల్‌ను మన ఊరి మెకానిక్ చుట్టి ఇస్తాడు కానీ, ఇందులోని సర్క్యూట్ బోర్డు పోతే చాలామంది బాగుచేయలేరు. వోల్టేజి ఎక్కువ తక్కువలయ్యే చోట బోర్డు పోయే అవకాశమూ ఉంది. అందుకని ఆ బోర్డుకు ఎన్నేళ్ళ వారంటీ ఉందో, సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉందో లేదో అడిగి, బిల్లు మీద రాయించుకుని కొనండి. షాపు వాళ్ళ మాట కన్నా స్టార్ లేబుల్ నమ్మదగినది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి అది తప్పనిసరి. లేబుల్ మీద ఏ సంవత్సరానిదో కూడా చూడండి, ప్రమాణాలు పెరిగే కొద్దీ పాత ఐదు నక్షత్రాల విలువ తగ్గుతుంది.

ప్రశ్న: పొదుపు నీతులన్నీ పేదలకేనా? ఆదిబట్ల వైపు అద్దాల ఆఫీసుల్లో పగలూ రాత్రీ ఏసీలు నడుస్తున్నాయి. పైగా మేమంతా తక్కువ వాడితే, "మీకు 120 చాలుగా" అని ప్రభుత్వం రేపు పరిమితి తగ్గించదని ఏముంది? రాజకీయ నాయకులను నమ్మి మేం వాడకం తగ్గించుకోవాలా?
– ఒక పాఠకుడు, యాచారం

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే, చరిత్ర కూడా మీ వైపే ఉంది. కరెంటు ధర మన రాష్ట్రంలో ఎప్పుడూ రాజకీయమే. చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం చేశారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో రైతుకు 24 గంటల కరెంటు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో గృహజ్యోతి మొదలైంది. ఇవన్నీ ప్రజలు అడిగి, ఓటు వేసి సాధించుకున్నవి. వాటిని వదులుకోమని నేను అనడం లేదు. సామాన్యుడి ఇంట్లో ఫ్యాను తిరగడం న్యాయం. ఆఫీసుల విషయానికి వస్తే, వాణిజ్య కనెక్షన్లకు యూనిట్ ధర ఇళ్ళకన్నా ఎక్కువే. అయినా వాళ్ళ దుబారాను నిలదీయాల్సిందే.

కానీ వాడకం ఎక్కువగా ఉంటే పథకం నిలుస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. ఉచితం అంటే కరెంటు పంపిణీ చేసే సంస్థకు (డిస్కంకు) ఖర్చు లేదని కాదు, మన తరఫున ప్రభుత్వం కడుతోందని అర్థం. విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం ఆ సొమ్మును ముందుగానే చెల్లించాలి. అది ఆలస్యమైనప్పుడల్లా డిస్కంలు అప్పు చేస్తాయి. 2023 డిసెంబరులో శాసనసభ ముందు పెట్టిన శ్వేతపత్రం రాష్ట్ర విద్యుత్ సంస్థల అప్పులను 81,516 కోట్ల రూపాయలుగా చూపింది. దానికి బాధ్యులెవరన్నది పార్టీలు తేల్చుకోనివ్వండి. ఖజానా కుంగినప్పుడు ఏ ప్రభుత్వమైనా మొదట చూసేది పథకాల పరిమితుల వైపే. ఆ రోజు వస్తే 190 యూనిట్లు వాడే ఇల్లు విలవిల్లాడుతుంది, 120 వాడే ఇల్లు నిలదొక్కుకుంటుంది. ఎవరు గెలిచినా, ఏ గీత ఎక్కడ గీసినా తట్టుకోగల శక్తి తక్కువ వాడకమే ఇస్తుంది. నాయకుల మీద నమ్మకం లేనివాళ్ళకు పొదుపు అవసరం మరింత ఎక్కువ.

ఉచితం వల్ల విలువ మరుగునపడితే ఏమవుతుందో మన బోర్లే చెబుతాయి. కాలువ నీళ్ళు లేక చెరువులు, బోర్ల మీద బతికే ప్రాంతం మనది. కరెంటు ఎప్పుడొచ్చినా మోటారు దానంతట అదే ఆడేందుకు రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. వేళాపాళా లేని కరెంటుకు అది అవసరమైన ఉపాయమే. కానీ 24 గంటల సరఫరా వచ్చాక అవి అలాగే ఉంటే భూగర్భజలం అడుగంటుతుందని వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరాల్సి వచ్చింది. కరెంటుకు బిల్లు రాకపోయినా నీటితో మూల్యం చెల్లించుకున్నది మాత్రం రైతే.

కాబట్టి నాయకులను అడిగేదాంట్లో ఇంకొకటి చేర్చండి. ఉచిత యూనిట్లతోపాటు తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాన్లూ ఇవ్వమనండి. 2015లో మొదలైన ఉజాలా పథకానికి ముందు ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ ఎల్‌ఈడీ బల్బును 310 రూపాయలకు కొనేది. కోట్ల సంఖ్యలో టోకున కొనేసరికి 2016 నాటికి ధర 38 రూపాయలకు దిగింది. ఫ్యాన్లకూ అది సాధ్యమే. కోటి ఫ్యాన్ల లక్ష్యంతో అదే సంస్థ 2023లో ఒక కార్యక్రమం ప్రకటించింది కూడా. లెక్క సులువు: రోజుకు 15 గంటలు తిరిగే ఒక ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. 200 లోపు వాడే ఇళ్ళకు వర్తించే 4 రూపాయల 80 పైసల స్లాబులో అది ప్రభుత్వానికి నెలకు దాదాపు వంద రూపాయల సబ్సిడీ ఆదా. ఏడాదిలో ఎనిమిది నెలలు తిరిగినా, ఫ్యాను మీద పడే అదనపు ధర ఏడాదిన్నరలో తిరిగి వస్తుంది. ఆ తర్వాత ఫ్యాను పనిచేసినన్నాళ్ళూ మిగులే. గృహజ్యోతి పొందే ప్రతి ఇంటికీ రెండు ఫ్యాన్లు సబ్సిడీ ధరకు ఇవ్వాలని మీ మున్సిపాలిటీలో, గ్రామసభలో తీర్మానం పెట్టించండి, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళ ముందు ఈ లెక్క పెట్టండి. ఉచిత కరెంటు పదికాలాలు నిలవాలని కోరుకునేవాళ్ళు అడగాల్సిన మొదటి కోరిక ఇదే.