కొనేవారిని చదవడం వస్తే... కొలువుకైనా, కొట్టుకైనా దారే

మార్కెటింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ, సొంత వ్యాపారానికి బ్యాంకు రుణం అడిగేటప్పుడూ తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘మీ కస్టమర్ ఎవరు?’ చాలామంది తడుముకోకుండా ‘అందరూ’ అనేస్తారు. కాస్త చదివి వచ్చినవారు ‘పట్టణాల్లో ఉండే 18-35 ఏళ్ల మధ్యతరగతి’ అంటారు. రెండో జవాబు వినడానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని పట్టుకుని దుకాణం ఎన్నింటికి తెరవాలో, ప్యాకెట్ ఎంత బరువుండాలో, ధర ఎంత పెట్టాలో ఒక్కటీ తేల్చలేం. వయసు, ఆదాయం తెలిస్తే మనిషి ఎవరో తెలుస్తుంది, అంతే. ఆ మనిషి ఎప్పుడు కొంటాడు, ఏ అవసరానికి కొంటాడు, దేన్ని మాని మన సరుకు కొంటాడు అన్నవి తెలిస్తేనే వ్యాపారం నడుస్తుంది. కస్టమర్ ప్రొఫైలింగ్ అంటే ఆ మూడూ రాబట్టడమే. ఈ పని నేర్చుకోవడానికి ఎంబీఏ దాకా ఆగనక్కర్లేదు. మీ వీధి చివర నుంచే మొదలుపెట్టవచ్చు.

అర్ధ రూపాయి షాంపూ

ఒకప్పుడు షాంపూ అంటే సీసానే. రోజు కూలీ మీద బతికే ఇంట్లో ఒక్క సీసా కోసం అంత డబ్బు ఒకేసారి తీయడం అయ్యే పని కాదు. తమిళనాడులోని కడలూరుకు చెందిన సి.కె. రంగనాథన్ 1983లో ‘చిక్’ షాంపూను చిన్న సాషేల్లో అమ్మడం మొదలుపెట్టారు. సరుకును అలా చిన్న పొట్లాల్లో పెట్టి అమ్మాలన్న ఆలోచన ఆయన తండ్రి చిన్ని కృష్ణన్‌ది. రంగనాథన్ మొదలుపెట్టిన చిన్న సంస్థే తర్వాత కావిన్‌కేర్ అయింది.

కొనేవాళ్లు ‘పేదవాళ్లు’ అని రాసుకుని ఊరుకుంటే ధర తగ్గించిన నాసిరకం సీసా ఒకటి బజారులోకి వచ్చేది. వాళ్ల రోజులోకి తొంగిచూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. చేతికి డబ్బు ఏ రోజుకారోజు వస్తుంది. తలస్నానం వారానికి ఒకటి రెండుసార్లే. తలకు వాడేది సీకాయో, ఒంటి సబ్బో. కాబట్టి చిక్‌కు అసలు పోటీ ఇంకో షాంపూ కంపెనీతో కాదు, ఇంట్లో ఉన్న సబ్బుబిళ్లతో.

ఆ తర్వాతి నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. షాంపూ వాడకమే తెలియని పల్లెల్లో జనం ముందే తలంటి చూపించారు. నురగ, వాసన చేత్తో తాకి, ముక్కుతో పీల్చి తెలుసుకోనిచ్చారు. మల్లె, గులాబీ పరిమళాలు తెచ్చారు. ఖాళీ సాషేలు తెస్తే కొత్తది ఉచితమని పథకం పెట్టారు. తర్వాత ధరను 50 పైసలకు దించారు. ఒక్క తలస్నానానికి సరిపడే సరుకు, ఆ రోజు కూలీలోంచి తీయగలిగిన ధర. పేజీల కొద్దీ నివేదిక చెప్పేదాన్ని ఆ సాషే చెప్పేసింది.

దీనికి ఎదురు కథ టాటా నానోది. స్కూటర్ మీద నలుగురు ఇరుక్కుని వెళ్లే కుటుంబం కోసం లక్ష రూపాయల కారు అన్న ఆలోచనతో 2008లో దాన్ని జనానికి చూపించారు. అవసరం నిజమైనదే. ధర లెక్కా సరిపోయింది. అయితే కారు కొనే ఇంట్లో ప్రయాణ సుఖంతో పాటు నలుగురిలో గౌరవం కూడా లెక్కలోకి వస్తుంది. ‘అత్యంత చవకైన కారు’ అన్న ముద్ర ఆ గౌరవానికే అడ్డం వచ్చింది. అలా ప్రచారం చేయడం పొరపాటేనని రతన్ టాటాయే తర్వాత అన్నారు. ఫ్యాక్టరీ మారడం వల్ల జరిగిన ఆలస్యం వంటి ఇతర కారణాలూ తోడయ్యాయి. 2018లో తయారీ ఆగింది. ప్రొఫైల్‌లో జేబుతో పాటు మనసుకూ ఒక గడి ఉండాలని నానో నేర్పింది.

కర్రీ పాయింట్ దగ్గర నేర్చుకోండి

సాధనకు మన ఊళ్లలోని కర్రీ పాయింట్‌ను మించిన చోటు దొరకదు. అన్నం ఇంట్లో వండుకుని, కూర, పప్పు, పులుసు మాత్రం బయట కొనుక్కునేవారి కోసం పుట్టిన వ్యాపారం అది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు ఓ పక్కన నిలబడి గమనించండి. ఇలాంటివాళ్లు కనిపిస్తారనుకుందాం.

- గదిలో రైస్ కుక్కర్ పెట్టుకున్న బ్యాచిలర్. ఒక పప్పు, ఒక వేపుడు కావాలి. నెలాఖరులో పప్పు ఒక్కటే. కవర్‌లో ఎంత పోశారో కళ్లప్పగించి చూస్తాడు.
- ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ బండి ఆపే ఉద్యోగిని. బండి దిగకుండా పని అయిపోవాలి. ఏం కొనాలో ఇంట్లో ఫోన్ చేసి అడుగుతుంది. అంటే డబ్బిచ్చేది ఒకరు, తేల్చేది ఇంకొకరు.
- పిల్లలు దూరాన ఉన్న పెద్ద వయసు దంపతులు. నూనె, కారం తక్కువుండాలి. రోజూ రారు. వంట చేసే ఓపిక లేని రోజున వస్తారు.

ముగ్గురి నెలసరి ఆదాయం ఒకటే కావచ్చు. అయినా ముగ్గురికీ కావాల్సినవి వేరు. మొదటివారికి చిన్న ధరలో చిన్న ప్యాకెట్, రెండోవారికి వాట్సాప్‌లో ముందే ఆర్డర్, మూడోవారికి చప్పటి కూర, ఇంటికే సరఫరా. మార్కెట్‌ను ఇలా విడదీయడాన్నే సెగ్మెంటేషన్ అంటారు. వెండెల్ స్మిత్ 1956లో రాసిన వ్యాసంతో అది మార్కెటింగ్ చదువుల్లో స్థిరపడింది. ముగ్గురినీ మెప్పించాలని దుకాణదారు ఒకేసారి పరుగెత్తితే ఎవరికీ సరిగా అందించలేడు. ఎవరిని ముందు ఎంచుకోవాలన్నదే టార్గెట్ నిర్ణయం.

ఏం అడగాలి, ఎలా అడగాలి?

గమనించాక మాట్లాడాలి. ఇక్కడ కొత్తవారు అడిగే తప్పు ప్రశ్న: ‘మేం ఇలాంటిది పెడితే కొంటారా?’ మనవాళ్లు మొహమాటానికి ‘ఎందుకు కొనం!’ అంటారు. ఆ మాట నమ్మి అప్పు చేస్తే మునుగుతారు. రేపటి సంగతి వదిలేసి జరిగిపోయినదాని గురించే అడగండి.

- చివరిసారి ఎప్పుడు కొన్నారు? ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది?
- ఇది దొరకని రోజున ఏం చేస్తారు?
- కొనాలని వచ్చి వెనక్కి వెళ్లిన సందర్భం ఉందా? ఎందుకు?
- ఏం కొనాలో ఎవరు చెప్తారు? డబ్బు ఎవరిస్తారు? తినేది ఎవరు?

కొనడం మానేసినవారినీ, అసలు రానివారినీ తప్పకుండా కలవండి. వచ్చేవాళ్లు దుకాణంలో మంచి ఏమిటో చెప్తారు. దుకాణం ఎందుకు పెరగడం లేదో రానివాళ్లకే తెలుసు.

ఆదాయం మాత్రం నేరుగా అడగకండి. ఎక్కువ చెప్పేవారూ, తక్కువ చెప్పేవారూ ఉంటారు. మన దేశంలో మార్కెట్ పరిశోధన సంస్థలు ఇందుకోసమే 2011లో ఎన్‌సీసీఎస్ అనే వర్గీకరణ తెచ్చుకున్నాయి. ఇంటిని ప్రధానంగా పోషించే వ్యక్తి ఏం చదివారు, 11 వస్తువుల జాబితాలో ఇంట్లో ఎన్ని ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలతోనే ఏ1 నుంచి ఈ3 వరకు 12 తరగతులుగా కుటుంబాలను విడదీస్తారు. ఫ్యాన్, గ్యాస్ స్టవ్, టూవీలర్, ఫ్రిజ్, ఏసీ వంటివాటితో పాటు వ్యవసాయ భూమి కూడా ఆ జాబితాలో ఉంది. జీతం దాచే మనిషి కూడా ఫ్రిజ్ ఉందని చెప్పడానికి వెనకాడడు.

రాష్ట్రం, జిల్లా స్థాయి అంచనాలకు ప్రభుత్వ లెక్కలు అక్కరకొస్తాయి. గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2023-24లో దేశంలో తలసరి నెలవారీ ఖర్చు సగటున పల్లెల్లో రూ.4,122, పట్టణాల్లో రూ.6,996. మీ సరుకు ధరను ఈ అంకెల పక్కన పెట్టి చూసుకుంటే నేల మీద నిలబడి మాట్లాడతారు.

ఒక్క పేజీలో ప్రొఫైల్

సేకరించినదాన్ని ఒక్క పేజీకి కుదించండి. అయిదు గడులు చాలు: ఏ పరిస్థితిలో కొంటారు, ఇప్పుడు దేనితో సరిపెట్టుకుంటున్నారు, ఎవరు తేలుస్తారు, ఏది ఆపుతోంది, ఎక్కడ కనిపిస్తారు. అందంగా పేరు, ఫొటో పెట్టి ‘రమ్య, 27 ఏళ్లు, కాఫీ అంటే ఇష్టం’ అని నింపేసే ప్రొఫైల్‌తో పని జరగదు. కాఫీ ఇష్టమన్న సంగతి తీసేసినా మీ నిర్ణయం మారకపోతే అది అక్కర్లేని సంగతే.

కొలువులు ఎక్కడ?

ఈ నైపుణ్యం ఉన్నవారికి మార్కెట్ రీసెర్చ్ ఎగ్జిక్యూటివ్, కన్జ్యూమర్ ఇన్‌సైట్స్ అనలిస్ట్, సీఆర్ఎం అనలిస్ట్, యూఎక్స్ రీసెర్చర్, ప్రొడక్ట్ మేనేజర్ వంటి హోదాల్లో పని దొరుకుతుంది. నీల్సన్‌ఐక్యూ, కాంతార్, ఇప్సోస్ లాంటి సంస్థలు ఈ రంగంలో ఉన్నాయి. బీబీఏ, ఎంబీఏ వారితో పాటు స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సైకాలజీ, సోషియాలజీ చదివినవారికీ ఇది తగిన రంగం. ఎక్సెల్ గట్టిగా నేర్చుకోండి. ఆ తర్వాత ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ. తెలుగులో జనంతో కలివిడిగా మాట్లాడి, విన్నదాన్ని ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాయగలిగితే మీకది అదనపు బలం.

సొంత వ్యాపారం వైపు వెళ్లేవారికి కేంద్ర ప్రభుత్వ ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు రూ.50 లక్షలు, సేవారంగ యూనిట్‌కు రూ.20 లక్షల దాకా ప్రాజెక్టు వ్యయానికి అవకాశముంది. ఆ ప్రాజెక్టు రిపోర్టులో మార్కెట్ గురించి రాసే భాగాన్ని చాలామంది ఎవరిదో చూసి ఎక్కించేస్తారు. మీ ఊరి వివరాలతో మీరే రాయండి. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ని-ఎంఎస్‌ఎంఈ, మహిళలకు వీ హబ్, స్టార్టప్‌లకు టీ-హబ్ తోడ్పాటు ఇస్తాయి.

హద్దు దాటొద్దు

తెలుసుకోవడం వేరు, ఆరా తీయడం వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, దేనికోసం తీసుకుంటున్నామో చెప్పి సమ్మతితో డేటా తీసుకోవడమే ప్రధాన సూత్రం. 18 ఏళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఉల్లంఘనలకు జరిమానా రూ.250 కోట్ల దాకా పడవచ్చు. విద్యార్థిగా చేసే సర్వేలో పేరు, ఫోన్ నంబరు అసలు అడగకండి. ప్రొఫైల్‌కు వాటితో పనే లేదు.

ఇంటర్వ్యూకు వెళ్లేలోపు మీ చుట్టుపక్కల మూడు వ్యాపారాలు ఎంచుకుని ఒక్కోదానికి ఒక్కో పేజీ సిద్ధం చేసుకోండి. ఒక మెడికల్ షాపు, ఒక టైలర్, ఒక ట్యూషన్ సెంటర్ అయినా సరే. పేజీ పూర్తయ్యాక దాన్ని ఆ యజమానికే చూపించండి. ‘ఇవన్నీ నాకు తెలిసినవేగా’ అంటే మళ్లీ వెళ్లి గమనించండి. ధరో, సమయమో, సైజో ఏదో ఒకటి మార్చి చూస్తానన్నాడంటే ఆ పేజీని మీ రెజ్యూమెకు జతచేయండి.