తాత పేరు, మనవడి పేరు

గరికపాడు

బాబూ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది రాత్రంతా మనసులో మెదిలింది. తల్లి ఇంటర్‌ఫేస్‌లో ఉన్న 'నేమ్' ప్రాపర్టీని పిల్ల ఇంటర్‌ఫేస్‌లో మళ్లీ రాశావు. కంపైలర్ సీఎస్0108 అని హెచ్చరిస్తే, ప్రాపర్టీకి ముందు 'న్యూ' అనే కీవర్డ్ తగిలించి దాని నోరు మూయించావు. ఇప్పుడు ఖాళీ పేర్లు కూడా లోపలికి వచ్చేస్తున్నాయి. తల్లికి పెట్టిన 'రిక్వైర్డ్' ఆట్రిబ్యూట్ ఎటు పోయిందని అడిగావు.

ఎటూ పోలేదు నాన్నా, పెట్టినచోటే ఉంది. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు. తాత పాసుపుస్తకం పేరుతోపాటే మనవడిది అయిపోదు కదా! 'న్యూ' పాతదాన్ని చెరపదు, మార్చదు. అదే పేరుతో రెండోదాన్ని నిలబెడుతుంది, అంతే. నీ తనిఖీ కోడ్ పిల్ల ఇంటర్‌ఫేస్‌నే చదువుతోంది. అక్కడున్న 'నేమ్' మీద ఏ షరతూ లేదు.

దాచడమే తప్పని అనుకోకు. 2005లో డాట్‌నెట్ 2.0తో జెనరిక్స్ వచ్చినప్పుడు కొత్త ఐఇన్యూమరబుల్ పాతదాని గెట్‌ఇన్యూమరేటర్‌ను 'న్యూ'తోనే దాచింది. తిరిగిచ్చే టైపు మారింది కాబట్టి అక్కడ దాచక తప్పలేదు. అందుకే ఆ కొత్త ఇంటర్‌ఫేస్‌ను అమలు చేసే క్లాసు రాసేవాళ్లు రెండూ రాస్తారు, పాతదానికి ముందు దాని ఇంటర్‌ఫేస్ పేరు పెట్టి. గుంటూరు వైపూ ఒక గరికపాడు ఉందని మనం 'జగ్గయ్యపేట గరికపాడు' అని విడమరిచి చెప్పుకోమూ, అలాగే.

నీకు టైపు మారలేదు. కాబట్టి ఆ రెండో 'నేమ్' తీసెయ్. అంతటితో పని అయిపోదు. ఇంటర్‌ఫేస్ మీద గెట్‌ప్రాపర్టీస్ అడిగితే దాని సొంతవే ఇస్తుంది. తల్లివి కావాలంటే గెట్‌ఇంటర్‌ఫేసెస్‌తో పైకి వెళ్లి అడగాలి. ఇంకో మాట: ఇంటర్‌ఫేస్ మీది ఆట్రిబ్యూట్ దాన్ని అమలు చేసే క్లాసుకు వారసత్వంగా రాదు. క్లాసును చూసి తనిఖీ చేసేచోట, క్లాసులోని ప్రాపర్టీ మీద కూడా నువ్వే రాయాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే ఒక హెచ్చరికను నొక్కేసి, మూడు రోజులు తప్పు కోసం వెతికాను. అప్పటినుంచీ 'న్యూ' రాసే ప్రతిచోటా, ఎందుకు దాస్తున్నానో పైన ఒక వాక్యం రాస్తాను. కారణం రాయలేకపోతే 'న్యూ' తీసేస్తాను. నువ్వూ ఈ అలవాటు చేసుకో.

వేళకు తిను. పండక్కి ఇంటికి రా.

ఇట్లు,
పెదనాన్న