సంకర వరిలో పుప్పొడి పునరుద్ధరణ

ఈనిన వెన్నును వ్రేళ్లతో నొక్కి, గింజ పాలుపోసుకొన్నదో తాలుపోయినదో చెప్పగల నేర్పు కోనసీమ రైతునకు కలదు. ఆ రైతు కొను సంకర వరి విత్తనము వెనుక ఒక వింత యున్నది. దాని తల్లి మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టజాలదు. అట్టి తల్లి సంతానము మాత్రము నిండు గింజ నీయవలెను. ఇది ఎట్లు సాధ్యమగునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వరి పువ్వు ద్విలింగి. తన పుప్పొడితోనే ఫలించును. ఎకరముల కొలది పొలమున ప్రతి పువ్వునందలి పరాగకోశములను చేతితో తొలగించుట అసాధ్యము. కనుక సహజముగానే పుప్పొడి చెడిన తల్లి కావలెను. 1970లో చైనాలోని హైనాన్ ద్వీపమున యువాన్ లాంగ్‌పింగ్ బృందమునకు అట్టి అడవి వరి మొక్క లభించినది. దాని లోపము కేంద్రకమున లేదు. కణద్రవ్యమునందలి మైటోకాండ్రియాలో ఉన్నది. పరాగకోశము లోపలి పోషక పొర అకాలమున నశించుటచే పుప్పొడి ఎదుగదు.

కణద్రవ్యము తల్లి నుండియే సంతానమునకు సంక్రమించును. కాబట్టి తండ్రి ఏదైనను సరియని సంకరము చేసినచో బిడ్డలును వంధ్యములగును. ఉల్లివంటి పంటలో గడ్డయే ఫలము గనుక నష్టము లేదు. ధాన్యపు పంటలో అది రైతు కొంప ముంచును. అందుచే తండ్రి కేంద్రకమున పునరుద్ధారక జన్యువు ఉండి తీరవలెను. వరిలో ఇట్టివి ప్రధానముగా రెండు: ఆర్.ఎఫ్.3 మొదటి క్రోమోసోముపైనను, ఆర్.ఎఫ్.4 పదవదానిపైనను కలవు. తండ్రి నుండి ఒక్క ప్రతి వచ్చినను పోషక పొర నిలిచి పుప్పొడి బ్రతుకును.

ఏ వంగడమునకు ఈ శక్తి కలదో పైరును చూచి చెప్పలేము. సంతానమును పరీక్షించియే తెలిసికొనవలెను. వంధ్య తల్లితో సంకరపరచి, తొలి తరపు మొక్కల పరాగకోశములను పూయుటకు ముందే చిదిపి, అయోడిన్ ద్రావణమున సూక్ష్మదర్శిని క్రింద చూతురు. పిండిపదార్థము నిండిన రేణువులు గుండ్రముగా నల్లబడును. వంధ్య రేణువులు ముడుతపడి రంగు పట్టవు. పిదప వెన్నుకు సంచి తొడిగి గట్టి గింజలను లెక్కింతురు. కాట్రేనికోన చేలలోని ఏ వరితోనైనను, ఈ రంగు పరీక్షను మన విద్యార్థులు కళాశాల సూక్ష్మదర్శినితోనే చేయవచ్చును.

ఈ శోధన ఫలము మనకు దూరమున లేదు. వశిష్ఠ గోదావరికి ఆవలి గట్టున, పశ్చిమ డెల్టాలోని మారుటేరు పరిశోధనా స్థానము నుండి 1994లో ఏ.పి.హెచ్.ఆర్.1, ఏ.పి.హెచ్.ఆర్.2 విడుదలైనవి. దేశమున తొలి సంకర వరి వంగడములలో ఇవి చేరినవి. మొదటిదానికి తల్లి ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ రూపొందించిన ఐ.ఆర్.58025ఏ, తండ్రి మన మారుటేరు వజ్రము. రెండవదానికి తండ్రి ఎం.టి.యు.9992. తల్లి పరదేశి యైనను, పుప్పొడికి ప్రాణము పోసినది మన గడ్డపై పెరిగిన వంగడమే.

అయితే రైతు మరువరాని విషయ మొకటి కలదు. సంకర పంట గింజను మరల విత్తినచో జన్యువులు విడిపోవును. ఒకే పునరుద్ధారక జన్యువు పనిచేయుచున్నయెడల ఇంచుమించు నాలుగు మొక్కలలో ఒకటి తాలుపోవును. తక్కినవియు ఏకరీతిగా ఉండవు. కావున ఏటేటా విత్తనము కొనక తప్పదు. గిట్టుబాటు కాక 2011 సార్వాలో పంట విరామము ప్రకటించిన కోనసీమలో ఈ ఖర్చు చిన్నది కాదు. అధిక దిగుబడి విత్తనపు వెలను మించునా యని లెక్క కట్టి చెప్పగల విద్యావంతుడు ఇంటికొక్కడైనను ఉండవలెనని మా ఆకాంక్ష.