గాలి దూరు చోట ధ్వనియు దూరును

చిరంజీవియగు మనుమరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

బిడ్డా! నీ ఉత్తరము నిన్న ముట్టినది. రామగుండము పోవు దారిలో, ఒకప్పుడు బొగ్గు బాయిలలోని మోటారులకు తీగ చుట్టి యిచ్చుచు పదిమందికి కూడు పెట్టి, ఒక్కొక్క ఇంక్లైను బాయి మూతపడినకొలది పని తరిగి, కడకు తాళము పడిన ఆ రేకుల షెడ్డును అద్దెకు తీసికొని, అందులో మన ప్రాంతపు గాయకుల పాటలు రికార్డు చేయుటకు ఒక స్టూడియో కట్టవలెనని నీవు తలపెట్టిన సంగతి చదివి మిక్కిలి సంతసించితిని. సంతోషము వెంట కొంత దిగులును కలిగినది. ఏలయనగా నీవు జతపరచిన ఖర్చుల పట్టికలో మైకులున్నవి, కంప్యూటరున్నది, స్పీకర్లున్నవి, గోడలకు అంటించు స్పంజి పలకలున్నవి. తలుపును గూర్చి మాత్రము ఒక్క ముక్కయు లేదు.

నేను సంగీతజ్ఞుడను కాను. ముప్పదినాలుగేండ్లు గోదావరిఖని బాయిలలో వెంటిలేషను పని చేసి, భూమి లోపలికి గాలిని ఎట్లు పంపవలెనో, పోరాని చోటికి పోకుండ ఎట్లు ఆపవలెనో నేర్చినవాడను. నా భాషయు మా బడిపంతులు దిద్దించిన పాతకాలపు భాష. ఇప్పుడు మార్చుకొమ్మన్న చేయి తిరుగదు, ఓర్చుకొని చదువుము.

బాయిలో పని మొదలిడుటకు ముందు, పనిచోటి భద్రత చూచు సర్దారు పొడవాటి కర్రతో పైకప్పును తట్టి చూచును. అతుకు విడని రాయి ఖంగుమనును. పొర విడి వ్రేలాడుచున్న రాయి డొల్లగా పలుకును. ఒక అరచేతిని కప్పునకు ఆనించి రెండవ చేత తట్టువారును కలరు. చెవికందని వణకు వ్రేళ్ళకందును. అట్టి చెవిని నీవు ముందుగా సంపాదింపవలెను. ఒప్పందము వ్రాసికొనుటకు పూర్వమే నీ తమ్ముని తోడు తీసికొని ఆ షెడ్డులో ఒక పగలును ఒక రాత్రియు, మూడు షిఫ్టులు గడచువరకు ఊరక కూర్చుండి, వినవచ్చిన ప్రతి శబ్దమును గంటతో సహా నోటుపుస్తకమున వ్రాయుము. షిఫ్టు మారు వేళలందు ఉదయము ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి, రాత్రి ఒకసారి ముంచెత్తు మోటారు సైకిళ్ళ గుంపు. ఓసీపీలో, అనగా ఉపరితల బొగ్గు గనిలో, బ్లాస్టింగు జరుగు వేళ కాళ్ళక్రింద పుట్టు అదురు. థర్మల్ కేంద్రమునకు బొగ్గు మోయు ఎంజీఆర్ రైలు. కాజీపేట–బల్లార్షా మార్గమున విరామమెరుగని గూడ్సులు. ప్రక్క షెడ్డులోని గ్రైండరు కూత. ఆషాఢము వచ్చినచో రేకులమీద వాన. వీనిలో ఏది గడియారమును అనుసరించునో, ఏది అనుసరింపదో గుర్తింపుము. గడియారము ప్రకారము వచ్చు శబ్దమునకు గోడ కట్టనక్కరలేదు. ఆ వేళకు పాటగాండ్లకు చాయ పోసిన చాలును.

వ్రాయునప్పుడు విసుగుకొనకుము. మన ప్రాంతమున నిశ్శబ్దము శుభసూచకము కాదు. 1980లో ఉత్పత్తి మొదలిడిన రామగుండపు ఎరువుల కర్మాగారము 1999లో మూతపడిన పిదప, గ్యాసుతో నడచు కొత్త కర్మాగారము 2021లో యూరియా తీయువరకు, ఆ వైపునుండి వచ్చిన నిశ్శబ్దమును ఇరువది రెండేండ్లు విన్నవాడను. అది హాయిగా ఉన్నదని ఎవరును నాతో అనలేదు. నీవద్దెకు తీసికొనబోవు షెడ్డు చవుకగా దొరకుటకు కారణమును అట్టి నిశ్శబ్దమే.

ఇక పని సంగతి. శబ్దములన్నియు ఒక జాతివి కావు. గ్రైండరు కూత వంటి తారధ్వని పలుచని అడ్డమునకే చాలవరకు లొంగిపోవును. డంపరు గుర్రు, రైలు దడ వంటి మంద్రధ్వని లొంగదు. సెకనుకు 20 కంపనములు గల ధ్వనికి గాలిలో తరంగము పొడవు 17 మీటర్లు, అనగా దాదాపు నీ షెడ్డంత పొడవు. దానిని రెండంగుళముల స్పంజి ఆపునని నమ్ముట, దోమతెరతో ఎద్దును ఆపుదునని నమ్ముట వంటిది. ఆపునది బరువు. తొమ్మిదంగుళముల ఇటుక గోడ, ఇరువైపుల సిమెంటు పూసినది, సుమారు 50 డెసిబెళ్ళు తగ్గించును. ఆ గోడ బరువును రెట్టింపు చేసినను దక్కునది మరి అయిదారు డెసిబెళ్ళే. అందుచేత గోడమీద గోడ పేర్చుకొనుచు పోవుట కంటె, ఉన్న గోడలో సందు లేకుండ చూచుకొనుట మేలు.

సందు సంగతి వెంటిలేషనువానికి తెలిసినంతగా మరెవరికిని తెలియదని నా గర్వము. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గల గోడలో మూడడుగుల తలుపు పెట్టి, దాని క్రింద అర అంగుళము సందు విడిచితివనుకొనుము. ఆ సందు గోడలో ఎనిమిదివందలవ వంతు మాత్రమే. అయినను 50 డెసిబెళ్ళు ఆపవలసిన గోడ ఆ ఒక్క సందుచేత 30కి దిగజారును. బాయిలో లోనికి వచ్చు గాలికిని వెలుపలికి పోవు గాలికిని నడుమ జంట తలుపులు పెట్టుదురు. ఒకటి మూసిన పిదపగాని రెండవది తెరువరాదు. రెండును ఒక్కసారి తెరచి ఓవర్‌మన్ చేత తిట్లు తినని కొత్త కార్మికుడు నాకు కనబడలేదు. నీ పాటల గదికిని అదే అమరిక చేయుము: బరువైన కొయ్య తలుపులు రెండు, నడుమ ఒక మనిషి నిలుచునంత చోటు, చుట్టును రబ్బరు అంచు, క్రింద గడప. పరీక్షకు యంత్రమేమియు వలదు. తలుపు మూసి సందుల వెంబడి అగరువత్తి త్రిప్పుము. పొగ ఎక్కడ వంగునో అక్కడ ధ్వని దూరుచున్నది.

షెడ్డునే స్టూడియోగా మార్చుదునను ఆలోచన విడిచి, షెడ్డు లోపల గది కట్టుము. ఆ లోపలి గది వెలుపలి గోడనుగాని, కప్పునుగాని ఎక్కడను తాకరాదు. ఒక్క ఇనుప కడ్డీ రెండింటిని కలిపినను, బ్లాస్టింగు అదురు దానిని పట్టుకొని నడచి వచ్చును. గది నేల క్రిందను, గోడల అడుగునను రబ్బరు పరచుటకు కన్వేయరు బెల్టును మించిన వస్తువు మన ఊరిలో లేదు. అరిగి పారవేసినది స్క్రాపు వేలముల ద్వారా చేతికి వచ్చును. రసీదుతో కొనుము, రసీదు లేనిది ఊరక యిచ్చినను వలదు. కప్పు రేకులు ఇనుపవో సిమెంటువో చూచుకొనుము. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాసు నార ఉండును. కోసినను తొలిచినను అది పొడియై లేచి ఊపిరితిత్తులలో దిగి, దశాబ్దముల పిదప క్యాన్సరుగా బయటపడగలదు. బొగ్గు ధూళి పీల్చిన వంశము మనది. ఆ రెండవ ధూళి మనకు వలదు. రేకులకు మేకు కొట్టకుము, దీపము వ్రేలాడదీయకుము.

సందులన్నియు మూసిన గదిలో మనుషులు ఎట్లు బ్రతుకుదురని నీవడుగవలసియుండెను, అడుగలేదు. బాయిలో మనిషికి నిమిషమునకు 6 ఘనపు మీటర్ల గాలి అందవలెనని గనుల నిబంధన. నీకంత అక్కరలేదుగాని, బయట 45 డిగ్రీల ఎండ కాయు మే నెలలో ఆరుగురు ఒగ్గుకథవారిని ఊపిరాడని గదిలో నిలిపి పాడుమనుట ధర్మము కాదు. ఏసీ లోపలి గాలినే చల్లబరచి త్రిప్పును, కొత్త గాలిని తేదు. బాయి పెద్ద ఫ్యాను సాధారణముగా గాలిని లోపలినుండి లాగును. నీవు దానికి తలక్రిందులుగా, వడపోత బిగించిన ఫ్యానుతో లోనికి ఊదుము. అప్పుడు గదిలోని ఒత్తిడి బయటికంటె రవ్వంత హెచ్చుగా నుండి, మిగిలిన సందుల గుండ గాలి వెలికి పోవునే గాని బొగ్గు ధూళి లోనికి రాదు. కండెన్సరు మైకు లోపలి పొర వెండ్రుక మందము కంటెను పలుచనిది. ధూళి, తేమ కలిసి దానిమీద కూర్చున్నచో మైకు చిటపటలాడును. గాలి గొట్టము వీలైనంత వెడల్పుగా నుండవలెను, లోపల రాతి ఉన్ని (రాక్‌వూల్) పొదిగి రెండు మూడు వంకరలు త్రిప్పవలెను. ఇరుకు గొట్టములో వేగముగా పోవు గాలి ఈల వేయును. వెడల్పు గొట్టములో నెమ్మదిగా పోవునది మూగది.

వెలుపలి శబ్దము నాపుట ఒక విద్య, లోపలి శబ్దమును దిద్దుట వేరొక విద్య. ఈ రెండింటిని ఒకటే అనుకొనుట వలననే అంగడివారు స్పంజి అమ్ముకొని బ్రతుకుచున్నారు. నీ షెడ్డు 18 మీటర్ల పొడవు, 9 వెడల్పు, 5 ఎత్తు అని వ్రాసితివి. ఆ సిమెంటు నేలయు గోడలును కప్పును తమమీద పడిన ధ్వనిలో నూటికి మూడు పాళ్ళు పీల్చుననుకొన్నచో, చప్పట్లు కొట్టిన పిదప ఆ నాదము పూర్తిగా అణగుటకు ఏడు సెకన్లు పట్టును. ఈ లెక్క కట్టు సూత్రమును కనిపెట్టినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయపు వాలేసు సేబిను. 1895లో అక్కడి ఒక ఉపన్యాసశాలలో మాట తెలియుట లేదని అతనికి పని అప్పగించగా, ప్రక్క నాటకశాలలోని కుర్చీల మెత్తలను రాత్రివేళ మోయించుకొని వచ్చి, ఒక్కొక్క వరుస పేర్చుచు నాదము ఎంత త్వరగా అణగునో చెవితోను గడియారముతోను కొలిచి, తెల్లవారునప్పటికి మెత్తలను మరల యథాస్థానమునకు చేర్పించెడివాడు. ఆ సూత్రము ప్రకారము, లోపల నీవు కట్టు గది 6 మీటర్లు, నాలుగున్నర, 3 అయినచో, గొంతు స్పష్టముగా వినబడుటకు, అనగా నాదము సెకనులో పదింట నాలుగు వంతులకు అణగుటకు, సుమారు 33 చదరపు మీటర్ల పీల్పు కావలెను; గది లోపలి ఉపరితలములో నాలుగవ వంతుకు కొంచెము పైన. మూడువంతులు గట్టిగానే ఉండవచ్చునన్నమాట. పొడవు, వెడల్పు, ఎత్తు సమానముగా మాత్రము కట్టకుము. అట్టి గదిలో ఒకే మంద్రస్వరము మూడువైపుల నుండి పెరిగి తక్కిన స్వరములను మ్రింగును.

గదినంతయు మెత్తగా చేయరాదను మాట నాకు తెలివితో వచ్చినది కాదు. క్యాసెట్ల కాలమున, మేము నలుగురము మిత్రులము ఒక ఖాళీ గోదామును పాటలకు సిద్ధము చేసి, ఎంత మెత్తగా నుండిన అంత మంచిదని తలచి నాలుగు గోడలకు, కప్పునకు ఇండ్లలోని దూది పరుపులన్నియు కట్టితిమి. పాడవచ్చిన, బాయిలో బొగ్గు నింపు కోల్‌ఫిల్లరు ఒకడు, నాట్ల వేళ పొలములో గొంతెత్తెనా ఊరి చివరకు వినబడువాడు, రెండు చరణములు పాడి ఆగి, “అన్నా, నోటికి దిండు అడ్డం బెట్టినట్టున్నదే” అనెను. పరుపులు తారధ్వనిని పీల్చివేసి మంద్రమును విడిచినవి. పాట బురదలో నడచినట్లు వినబడెను. పైగా దూది నిప్పునకు ప్రియమైన వస్తువు. స్పంజి అంతకంటె ప్రమాదము: 2003లో అమెరికాలోని రోడు ఐలండులో, గోడలకు అట్టి స్పంజి అంటించిన ఒక సంగీతశాల మంటలంటుకొని 100 మంది చనిపోయిరి. రాతి ఉన్ని పలకలు చట్రములలో బిగించి పైన నేత గుడ్డ తొడుగుము. గోడకు జానెడు దూరమున నిలిపినచో మంద్రమును కూడ కొంత పీల్చును.

పాత కట్టడపు గుణమును మొత్తము చెరిపివేయవలెనను పంతము వలదు. అమెరికాలోని మెంఫిసు నగరమున స్టాక్సు రికార్డుల కంపెనీవారు 1960లో ఒక పాత సినిమాహాలును స్టూడియోగా చేసికొన్నప్పుడు, ప్రేక్షకుల కొరకు ఏటవాలుగా కట్టిన నేలను చదును చేయలేదు. ఆ వాలు నేలమీద నుండియే వారి పాటలకు ప్రత్యేకమైన నాదము వచ్చినదని చెప్పుకొందురు. అలబామాలో 1969లో ఒకప్పటి శవపేటికల అంగడి స్టూడియో అయినది. నీ షెడ్డులో లోపలి గది పోగా మిగిలిన జాగాలోని అనురణనమును పారవేయకుము. ప్లేడే నాటి, అనగా బాయిలకు వారపు సెలవు నాటి రాత్రి, ఊరు సద్దుమణిగిన పిదప, రికార్డు చేసిన గొంతును స్పీకరులో ఆ ఖాళీ జాగాలోనికి వదలి, దూరమున మైకు పెట్టి తిరిగి పట్టుకొనుము. లండనులోని అబే రోడు స్టూడియోవారును ఇందుకొరకే ప్రత్యేకముగా ఒక గదిని ఉంచుకొనిరి.

డప్పు సంగతి నీవు తలపనేలేదు. మేకతోలు చల్లగాలికి వదులగును, నిప్పు సెగకు బిగియును. డప్పరి గడ్డి మంటకో కాగితపు మంటకో కాచుకొని గాని దరువు వేయడు. ఏసీ గదిలో రెండు పాటలు కాకమునుపే డప్పు నీరుగారును. కనుక జంట తలుపులకు వెలుపల, రాతి ఉన్నికిని తీగలకును దూరముగా, గాలివాటము చూచి ఒక చిన్న కుంపటి జాగా, ప్రక్కన ఇసుక బకెట్టు, పటములోనే గీయుము. కట్టిన పిదప చేర్చిన కుంపటి ఎప్పుడును తప్పుచోటనే ఉండును. జమిడిక వాయించు బైండ్లవారికి, డోలు మోయు ఒగ్గువారికి పెద్ద గది కావలెను. వారు కూర్చుండి పాడరు, అడుగు వేయుచు పాడుదురు. వారిని ఒక మైకు ముందు బొమ్మలవలె నిలుపకుము.

కరెంటు విషయము కొద్దిగా చెప్పి విడుతును. ఆ షెడ్డుకు మూడు ఫేజులున్నవి, మంచిదే. ఏసీకి ఒకటి, మైకు యంత్రములకు వేరొకటి కేటాయింపుము. కట్టెబొగ్గు, ఉప్పు నింపి కొత్త ఎర్తు గుంట త్రవ్వించి, యంత్రములన్నింటి ఎర్తును ఒకే చోటికి చేర్చుము; రెండు చోట్ల ఎర్తు ఉన్నచో 50 కంపనముల గుయిమను మ్రోత పాట వెంబడి వచ్చును. మైకు తీగ కరెంటు తీగను దాటవలసివచ్చిన అడ్డముగా దాటించుము, ప్రక్కప్రక్కన నడిపింపకుము.

మైకులు ప్రస్తుతము రెండు చాలును. మిగిలిన సొమ్ము తలుపులకు పెట్టుము. వచ్చు ప్లేడే నాడు ఉదయపు బస్సుకు వత్తును. మీ అమ్మమ్మ సర్వపిండి కట్టి పంపునట. నా సర్దారు కర్ర అటకమీద నున్నది, దానిని దింపించి తెత్తును. అంతవరకు షెడ్డు యజమాని ఎంత తొందరపెట్టినను సంతకము చేయకుము. తాత వచ్చి గోడలు తట్టవలెనని చెప్పుము.