రేగడిలో ఏ మోడ్?

ప్రశ్న: మాది కోసిగి. ఫోర్ వీల్ డ్రైవ్ థార్ జీపు కొన్నాం. వాన పడ్డాక చేను దారుల్లో, తుంగభద్ర ఇసుకలో ఏ మోడ్ వెయ్యాలి?

జవాబు: తారురోడ్డు మీద ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే ఇచ్చే 2హెచ్‌ చాలు. 4హెచ్‌లో ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి, పొడి రోడ్డు మలుపుల్లో గేర్ల మీద భారం పడుతుంది. ఇసుకలో దిగేముందే 4హెచ్ వేసి, టైర్లలో గాలి 18–20 పీఎస్ఐకి తగ్గించండి. రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. రాళ్లగుట్టలకు నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే 4ఎల్ వెయ్యాలి; దానికి బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చండి.

నాకు భయమల్లా మీ నల్లరేగడితోనే. తడిస్తే ఆ బంకమట్టి టైరు గాట్లను పూడ్చేస్తుంది, ఇక ఏ మోడూ సరైన పట్టు ఇవ్వదు. వెళ్లక తప్పకపోతే 4హెచ్‌లో నిదానంగా, ఒకే వేగంతో పోండి. చక్రాలు ఊరికే తిరుగుతుంటే యాక్సిలరేటర్ వదిలేయండి. తొక్కేకొద్దీ బండి దిగబడుతుంది. పెద్దవాన పడిందా, దారి ఆరేదాకా దయచేసి ఆగండి.