పొరుగింటి వాకిట కట్టువడిన కుక్క
(భృత్యాచార, గణాచార విచారణ)

లింగాచార, సదాచార, శివాచార, భృత్యాచార, గణాచారములను పంచాచారముల పేర్లను వీరశైవుల యిండ్ల పిల్లలు సైతము వల్లింతురు. అందు మొదటి మూడింటిని గూర్చి ఉపన్యాసములు తఱచుగా వినవచ్చును. కడపటి రెండింటికి నిత్యజీవనమున పరీక్ష యెచ్చట కలుగునో విప్పి చెప్పువారు తక్కువ. శివభక్తులకును, శివుని సృష్టియగు సమస్తమునకును తాను సేవకుడనను భావముతో నడచుట భృత్యాచారము. శివనిందను, అధర్మమును కన్నులార చూచి ఊరకుండకపోవుట గణాచారము. ఒకటి వంగుమనును, వేఱొకటి నిలువుమనును. ఈ రెండును ఒక్కమాఱే యెదురగు తావులలో పొరుగింట ఆదరణలేక పడియున్న కుక్క యొకటి.

ఇది అల్పవిషయమని త్రోసివేయరాదు. చందుర్తి మండలమందలి యే యూరినైనను తలచుకొనుడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు బ్రతుకుతెరువునకై పోయినవారు లేని వాడ అరుదు. ఇంటి యజమాని యూరనున్నపుడు ముచ్చటపడి కుక్కపిల్లను తెచ్చును. పాలు పోయును, పేరు పెట్టును, మెడకు పట్టీ కట్టును. ఏడాది తిరుగకుండ వీసా వచ్చును, అతడు విమానమెక్కును. ఇంట మిగిలినది మోకాళ్ల నొప్పులతో లేవలేని ముసలితల్లి. నాట్లకును కలుపులకును పోయి, పిల్లలను బడికి పంపి, అప్పు వాయిదాలు కట్టుకొను ఇల్లాలు. కుక్క మాత్రము గేటు ప్రక్కను రెండు మూరల గొలుసునకు కట్టువడి, తన మలమూత్రములలోనే పడుకొని, ఎండ వాలుచున్న కొలది గోడనీడను వెదకుకొనుచుండును. రాత్రి యది మూల్గును. ప్రక్కయింటివారు తలుపు వేసికొందురు. తెల్లవాఱి బోరింగు కాడ “వాళ్లకు పాపం తాకుతది” అని చెప్పుకొందురు. అట్లు చెప్పుకొనుటవలన కుక్కకు గ్రుక్కెడు నీరు లభింపదు.

ఈ యుదాహరణమున యజమానురాలు క్రూరురాలు కాదు. ఆమెకు చేతులు చాలకున్నవి. కావున విచారింపదగిన మొదటి ప్రశ్న తప్పెవరిదని కాదు, కుక్కకు నేడు కావలసినదేమి యని. బసవేశ్వరుని గూర్చి చెప్పుకొను గాథ యొకటి యిచ్చట స్మరణీయము. దొంగలు ఆయన మందలోని యావులను తోలుకొనిపోయిరట. సేవకులు వెంటాడబోగా, బసవన్న వారిని వారించి, తల్లులు లేక దూడలు, దూడలు లేక తల్లులు అలమటించును గనుక దూడలను గూడ ఆ దొంగలకే అప్పగించి రమ్మనెనట. 12వ శతాబ్దమున కల్యాణమునందు బిజ్జలుని యొద్ద మంత్రిగానున్న ఆ మహనీయునకు దండింపజాలిన యధికారము లేకపోలేదు. అయినను దొంగ నేరముకంటె దూడ యాకలియే ఆయనకు ముందుగా కనబడినది.

దాసోహమను మాటకు అన్నదానమని మాత్రమే యర్థము చెప్పుట చాలదు. దాసుడనను భావమే దానికి ప్రాణము. పొరుగువారి కుక్కకు గోడపైనుండి రొట్టెముక్క విసరుట దానము కావచ్చును గాని దాసోహము కాదు. అందు “మీరు చేయనిది నేను చేయుచున్నాను” అను దెప్పు దాగియున్నది. దానిని ఆ యింటివారు వెంటనే పసిగట్టుదురు. అంతటితో రెండిండ్ల నడుమ మాట పడిపోవును, నష్టము మరల కుక్కకే. అట్లుగాక వాకిటికి పోయి, “పెద్దమ్మా, మా బర్లకు నీళ్లు పెడుతున్న, మీ కుక్కకు గూడ ఇన్ని పొయ్యాల్నా?” అని యడిగినచో, కాదను ముసలమ్మ యుండదు. “పొయ్యి బిడ్డా, నాతోని అయితలేదు” అని తన బాధను తానే చెప్పుకొనును. ఆ మాటతో గేటు తెఱచుకొనును. భృత్యాచారమనగా నిదియే.

గేటు తెఱచుకొనిన పిమ్మట చేయవలసిన పనులకు కొంత తెలివిడి కావలెను. కుక్కకు మనుష్యులవలె మేనంతయు చెమటపట్టదు. చెమటగ్రంథులు ముఖ్యముగా దాని పాదములయందే యుండును. నాలుక చాపి రొప్పుటచేతనే అది తన వేడిని తగ్గించుకొనును. మన ప్రాంతపు వేసవిలో నీడయు నీరును లేక గొలుసునకు కట్టువడిన కుక్క ఒక్క మధ్యాహ్నములో ప్రాణము విడువవచ్చును. కావున తిండికంటె ముందు నీరు, నీడ చూడవలెను. తొలగిపోని మట్టితొట్టి మేలు. తేలికయగు గిన్నె గొలుసు తగిలి బోర్లపడును. పలుదినములు పస్తున్న కుక్కకు ఒక్కసారి కడుపునిండ పెట్టరాదు. కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను. మాంసము ముట్టని శివభక్తుల యిండ్లలో కుక్కకేమి పెట్టుదుమని సందేహింప బనిలేదు. ఉప్పుకారములు తగులని పప్పన్నము, పెరుగన్నము, జొన్నరొట్టె దానికి ఆధారమగును. ఉల్లిపాయ కుక్కకు విషతుల్యము. మిగిలిన పులుసును కుక్క కుండలో పోయు అలవాటు మన యూళ్లలో నున్నది గాని అది కుక్కకొఱకు పుట్టిన యలవాటు కాదు, మిగిలినదానిని పాఱవేయు నలవాటు.

మెడపట్టీని తప్పక చూడవలెను. పిల్లగానున్నపుడు కట్టిన పట్టీని మార్చనిచో, కుక్క పెరిగిన కొలది అది చర్మమును కోసికొని లోనికి దిగిపోవును. పైకి వెండ్రుకలు కప్పియుండుటచే దుర్గంధము వచ్చుదాక తెలియదు. అట్టి పుండును ఇంట కెలుకరాదు, పశువైద్యునకు చూపవలెను. గోమారులు పట్టినను, గజ్జి పట్టినను అంతే. కట్టివేసిన కుక్క భయముచేత కఱచునది గనుక పిల్లలను దగ్గఱకు పోనీయరాదు. దానికి పరిచయమైన ఇంటివారు ప్రక్కను నిలిచియుండగనే పెద్దలు సమీపింపవలెను. కఱచినయెడల గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, తడవు చేయక ప్రభుత్వ వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలెను. పసరు పోయించుట, కారము అద్దుట ప్రాణాంతకములగు జాప్యములు. రేబీసు లక్షణములు పొడసూపిన పిదప బ్రతుకుట దాదాపు అసంభవము. కుక్కకు మూడు నెలల వయసున తొలి టీకాయు, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులలో మరల టీకాలును వేయించుట యజమానుని విధి. అతడు మస్కటులో నున్నచో ఆ విధి ఎవరో యొకరి చేతికి రావలెను.

దయ పేరిట జరుగు తప్పు పనులు కూడ నున్నవి. అర్ధరాత్రి గొలుసు విప్పి తఱిమివేయుట యందొకటి. చట్టము దృష్టిలో కుక్క యజమానుని సొత్తు. అనుమతిలేక తీసికొనిపోవుట దొంగతనమగును. అంతకంటె ముఖ్యముగా, వీథిని బ్రతుకనేర్వని కుక్క వాహనముల క్రిందనో, గుంపుకుక్కల నోటనో పడును. లేదా తానే గుంపులో చేరి పిల్లలకు భయకారణమగును. ఊరికి కుక్కలపై కలిగిన కోపము తుదకు ఎక్కడికి దారితీయునో పాలమూరు ప్రాంతము చూచినది. 2024 ఫిబ్రవరిలో అడ్డాకుల మండలము పొన్నకల్లు గ్రామమున రాత్రివేళ కారులో వచ్చినవారు సుమారు 20 వీథికుక్కలను తుపాకితో కాల్చి చంపిరి. తన పెంపుడుకుక్కను వీథికుక్కలు చంపెనను పగయే కారణమని పోలీసులు పిమ్మట వెల్లడించిరి. ఒక కుక్కపై మమకారము ఇరువది కుక్కల ప్రాణములు తీసినది! తనదను మమకారమునకును దయకును గల భేదము నెఱుగుటకు వేఱు దృష్టాంతమేల?

ఇక రెండవ పక్షము. యజమాని యింటనే యున్నాడు, చేతులున్నవి, సంపదయు నున్నది, అడిగినచో “నా కుక్క, నా యిష్టం, నీకెందుకు?” అనుచున్నాడు. అచ్చట భృత్యాచారము ముగిసి గణాచారము మొదలగును. మహాభారతము ఆదిపర్వారంభమున సరమోపాఖ్యానమున్నది. జనమేజయుని యజ్ఞవాటికయందు ఏ తప్పును చేయని కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టిరి. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన యపరాధమేమని యడిగెను. ఎవ్వరును బదులు చెప్పరైరి. అప్పుడామె ఊహింపని భయము మీకు కలుగుగాక యని శపించెను. ఆ సభలో నున్నవారందఱు కొట్టినవారు కారు. కాని అడిగిన ప్రశ్నకు బదులీయక కూర్చున్నవారే. ఇది పండితులు అంతగా పట్టించుకొనని యంశము.

నేడు సరమ పక్షమున అడుగుటకు చట్టమున్నది. 1952లో రాజ్యసభకు నియమితురాలైన రుక్మిణీదేవి అరండేలు ఆ సభలో జంతుహింసా నివారణకై బిల్లు ప్రవేశపెట్టెను. ప్రభుత్వమే సమగ్రముగా చట్టము తెచ్చునని నెహ్రూ హామీ యీయగా దానిని ఉపసంహరించుకొనెను. ఆ హామీ ఫలమే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము. దాని 11వ సెక్షను క్రింద జంతువును మిక్కిలి పొట్టిదో బరువైనదో యగు గొలుసుతో తగని కాలము కట్టియుంచుటయు, ఎల్లప్పుడు కట్టివేయబడు కుక్కను యజమాని నడిపింపకుండుటయు, చాలినంత తిండి, నీరు, నీడ కల్పింపకుండుటయు నేరములే. కుక్కను గూర్చి ఇంత ప్రత్యేకముగా వ్రాసిన చట్టమునకు జరిమానా మాత్రము మొదటి తప్పునకు 10 మొదలు 50 రూపాయలు! పది రూపాయలు నేడు ఒక చాయకు చాలును. అయినను ఆ సెక్షను వ్యర్థము కాదు. పోలీసు ఠాణాకు పిలుపు వచ్చుటయే పలువురకు చాలిన శిక్ష. విషము పెట్టి చంపినచో, 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద ఐదేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును. 2001 నాటి నియమముల ప్రకారము జిల్లా జిల్లాకును జంతుహింసా నివారణ సంఘ ముండవలెను.

ఫిర్యాదునకు ముందు పెద్దమనుషులను వెంటబెట్టుకొని యొకమాఱు మాటాడుట యుక్తము. ఆ మాటలలో యజమానుని మానము తీయుట పనికిరాదు. ఛాయాచిత్రములు తీసి యూరంతటికి ఫోనులలో పంపుట యిప్పటి వాడుక; దానివలన అతడు గేటునకు రేకు బిగించును, కుక్క కనబడకపోవును. తారీఖులు వ్రాసి తీసిన చిత్రములు అధికారికి చూపుటకు మాత్రమే యుపయోగింపవలెను. పశువైద్యుని వ్రాతయున్నచో ఫిర్యాదునకు బలము.

వేములవాడ రాజన్నకు కోడెమ్రొక్కు చెల్లించుటకు వంద మైళ్లనుండి వచ్చు జనమును చందుర్తి నిత్యము చూచుచున్నది. నందీశ్వరుని పేర కోడెకు పసుపు కుంకుమలు పెట్టు చేయి, కాలభైరవుని వాహనమగు కుక్కను మాత్రము కాలితో నెట్టుట వింతయే. కాని కుక్కకు పూజ అక్కఱలేదు.

తుదకు యజమాని “నాతోని కాదు, తీసుకపొండి” అన్నచో అది పరాజయమని యెంచరాదు. పలుమాఱులు అదియే మంచి ముగింపు. తీసికొనువారు ఆ మాటను కాగితముపై వ్రాయించుకొని సంతకము చేయించుకొనవలెను. లేనియెడల దుబాయినుండి కొడుకు వచ్చి కుక్క నాదని తగవు పెట్టును. పిమ్మట టీకా, సంతాననిరోధ శస్త్రచికిత్స చేయింపవలెను. ఆడకుక్కయైనచో ఇది మఱింత ముఖ్యము. క్రొత్త యింట మొదటి వారము దానిని ముద్దుచేయక, ఒకే చోట, ఒకే వేళకు తిండి పెట్టి ఊరక విడువవలెను. మెడపట్టీకిని మెడకును నడుమ రెండు వ్రేళ్లు దూరునంత సందు ఉంచవలెను.