బంగాళాదుంప ఆకును చూచి తెగులు గుర్తించుట

పెరటిలో బంగాళాదుంప (తెలంగాణమున ఆలుగడ్డ అందురు) వేసినవారు ఆకు పసుపుబారగానే మందు చల్లుట కలదు. గడ్డ ఊరిన పిమ్మట అడుగు ఆకులు పండుట సహజము. దానికి మందుతో పనిలేదు.

ముదురు ఆకులపై గోధుమరంగు మచ్చలు, వాటిలో ఒకదానిలోనొకటిగా వలయములు కనబడినచో అది ఆకుమచ్చ తెగులు. నిదానముగా వ్యాపించును, ఆ ఆకులను గిల్లివేయవలెను. ఆకులు దొప్పలవలె పైకి ముడుచుకొని బిరుసెక్కినచో అది పేనుబంక తెచ్చిన వైరసు. దీనికి మందు లేదు. మొక్కను పెరికివేయవలెను, దాని గడ్డను విత్తనమునకు ఉంచరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఆకుమాడు తెగులు. చలి, మంచు, ముసురు కలిసిన దినములలో ఆకు అంచున నీట నానినట్టి మచ్చ పుట్టి నల్లబడును. వేకువనే ఆకు త్రిప్పి చూడుడు. అడుగున మచ్చ చుట్టును తెల్లని నూగు ఉన్నచో సందేహము వలదు. 1845లో ఐర్లండున పైరును మాడ్చి మహాక్షామమునకు దారితీసినది ఇదియే. దీని బీజములు గాలిలో ఎగిరి, కొలది దినములలోనే పొరుగువారి టమాటా మడికిని చేరగలవు. కావున మాడిన మొక్కలను, కుళ్ళిన గడ్డలను ఊరి చెత్తకుప్పపై వేయనీయక లోతుగా పూడ్పించుట పంచాయతీ సభ్యులు స్వయముగా చూడవలసిన పని. తక్కిన మొక్కలకు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి, ఆకు రెండు వైపుల తడియునట్లు వెంటనే చల్లవలెను. మాడిన ఆకు మందుతో మరల పచ్చబడదు.